తెగని చాకు, తెగ సుఖం

ఆస్ట్రేలియాలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకి ఇల్లు ఎలా కొనాలో, పీఆర్ ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. కూరలు తరిగే చాకు గురించి చెప్పే పుణ్యాత్ములు మాత్రం కనపడరు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఇక్కడ పనిమనిషి రాదు. మెల్‌బోర్న్ టార్నీట్‌లో ఉన్నా, సిడ్నీ స్కోఫీల్డ్స్‌లో ఉన్నా, సాయంత్రం ఆరింటికి ఎవరో ఒకరు ఉల్లిపాయలు తరగాలి. ఆ ఎవరో ఒకరు మీరే అయ్యే ప్రమాదం రోజూ పొంచి ఉంటుంది.

పదునైన చాకు ఉన్నవాడు పావుగంటలో కిలో దొండకాయలు చీరి పడేస్తాడు. అక్కడితో వాడి జీవితం అయిపోయినట్టే. "మీ చెయ్యి భలే వాటం అన్నయ్యగారూ" అని ఒక్కరంటే చాలు, ఊళ్ళో ఏ గృహప్రవేశమైనా ఉల్లిపాయల బస్తా వాడి ముందే పెడతారు. మొద్దుచాకు పట్టుకున్నవాడు అదే పావుగంటలో నాలుగు దొండకాయలు నలిపి ముద్ద చేస్తాడు. "అబ్బ, ఇటివ్వండి, మీవల్ల కాదు" అని ఎవరో లాక్కుంటారు. వాడు వెళ్ళి సోఫాలో కాళ్ళు బారచాపుకుని బాక్సింగ్ డే టెస్ట్ చూస్తాడు. మీరు ఆ రెండోవాడు కావాలి. అందుకు కావలసిన క్రమశిక్షణ అంతా కింద ఉంది. ఓపిగ్గా పాటించండి.

1. కొనేటప్పుడే తెగని చాకు కొనండి.

సగం విజయం దుకాణంలోనే దక్కుతుంది. చెక్కు తీయడానికి, చిన్న కూరలు కోయడానికి పనికొచ్చే చాకు వాదర ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు ఉంటుంది. వీపు పల్చగా ఉంటుంది, మొన సూదిగా ఉంటుంది, పిడి తడిచేతిలో కూడా జారదు. ఈ లక్షణాలన్నీ బాగా గుర్తుపెట్టుకోండి. వీటిలో ఒక్కటీ లేనిది వెతికి పట్టుకోండి.

ముందు వీపు మందం చూడండి. మందమైన చాకు క్యారెట్‌ని కోయదు, మధ్యలో మేకు దిగ్గొట్టినట్టు పగలగొడుతుంది. అదే కావాలి. తర్వాత పిడి చూడండి. నున్నగా, డొల్లగా, నూనె చేత్తో పట్టుకోగానే గిర్రున తిరిగేలా ఉంటే బుట్టలో వేసేయండి. ఉక్కు పిడిలోకి లోతుగా దిగి, రివెట్లతో బిగించి ఉన్నది పక్కన పెట్టండి. అలాంటిది ఇరవై ఏళ్ళు మీతో పని చేయిస్తుంది. జిగురుతో అంటించిన పిడి సంక్రాంతి లోపల ఊడివస్తుంది.

ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో చెప్తారు. మంచి స్విస్, జర్మన్ చాకులు 55 నుంచి 58 దగ్గర ఉంటాయి. జపాన్ చాకులు చాలావరకు 60 దాటిపోతాయి. పెట్టె మీద ఆ అంకె అచ్చేసి ఉన్న చాకు జోలికి పోకండి. ఏ వివరమూ లేకుండా 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని మాత్రమే ఉంటే కళ్ళు మూసుకుని కొనండి. ఇక్కడ హారీ బ్రేర్లీని తలుచుకోవాలి. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో తుప్పు పట్టని ఉక్కు పోత పోసిన మహానుభావుడు ఆయన. దాంతో చేసిన తొలి చాకులకి పదును నిలవక, ఊళ్ళో కత్తుల తయారీదార్లు ఆయన్ని తెగని కత్తులు కనిపెట్టినవాడని ఎగతాళి చేశారు. ఆ తర్వాత వాళ్ళే ఆ ఉక్కుని సరైన వేడి మీద గట్టిపరచడం నేర్చుకుని చెడగొట్టారు. ఆయన తొలినాళ్ళ ఫలితం దొరికే చౌక చాకులు ఇప్పటికీ ఉన్నాయి, నిరాశ పడకండి.

రెండు రకాలకి మాత్రం ఆమడ దూరంలో ఉండండి. ఒకటి, రంగురంగుల పిడితో వచ్చే విక్టోరినాక్స్ చిన్న చాకు. చౌకగానే దొరుకుతుంది, అందుకే మోసపోతారు. పెట్టెలోంచి తీసిన నిమిషం నుంచే టమాటా తొక్కని జారకుండా కోస్తుంది. ఎన్నేళ్ళ తర్వాత అయినా సానరాయి మీద నాలుగుసార్లు లాగితే మళ్ళీ లేచి కూర్చుంటుంది. రెండోది ఇంకా ప్రమాదం: ఆస్ట్రేలియాలోనే పుట్టిన విల్ట్‌షైర్ స్టేషార్ప్. దాని ఒరలోనే సాన అమర్చి ఉంటుంది. ఒరలోంచి తీసిన ప్రతిసారీ మీ అనుమతి లేకుండా పదునుపడుతుంది. 1970ల నుంచి ఈ దేశంలో ఎన్ని వంటిళ్ళల్లో ఎంతమంది బద్ధకాన్ని అది కబళించిందో. అత్తగారింట్లో ఎదురైతే చాకు ఒకచోట, ఒర ఒకచోట పెట్టి విడదీయండి.

2. ఒక్క చాకు కొనకండి, చెక్క దిమ్మతో సహా పన్నెండు కొనండి.

ఒక మంచి చాకు ధరకి పన్నెండు చెడ్డవి వస్తాయి. వాటిలో సగం దేనికో మీకూ తెలియదు, వచ్చినవాళ్ళకీ తెలియదు. దిమ్మ చూసి అందరూ మీకు వంట మీద మహా శ్రద్ధ ఉందనుకుంటారు. దిమ్మ కన్నాల్లోకి చాకుల్ని తడిగానే దింపండి, లోపల చెమ్మ పట్టి అడుగున బూజు వస్తుంది. అది ఎవరికీ కనపడదు.

3. కోసేటప్పుడు కింద చెక్కపలక పెట్టకండి.

చెక్క, మెత్తని ప్లాస్టిక్ పలకలు కొంచెం లొంగుతాయి, అందుకే వాదర బతికిపోతుంది. గాజుపలక, పింగాణీ కంచం, రాతి గట్టు లొంగవు. గాజుపలక మీద వారం రోజులు కోస్తే ఎంత ఖరీదైన చాకైనా వాదర ముడుచుకుని మొద్దుబారుతుంది. ఆ కీచుమనే చప్పుడు ఇంకో లాభం: ఇంట్లోవాళ్ళు పళ్ళు జివ్వుమని మిమ్మల్ని వంటింట్లోంచి తరిమేస్తారు.

అన్నిటికన్నా గొప్పది కృత్రిమ రాతి గట్టు. దాంట్లో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్. మోహ్స్ కొలతలో దాని గట్టిదనం 7, మీ చాకు ఉక్కు అంతదాకా రాదు. ఆ రాయి కోసే కార్మికులకి దుమ్ము పీల్చి సిలికోసిస్ జబ్బు వస్తోందని 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా దాని తయారీ, అమ్మకం, బిగింపు నిషేధించింది. అప్పటికే ఇళ్ళల్లో ఉన్నది ఉంచుకోవచ్చు. మీ ఇంట్లో ఉంటే అదృష్టం, నేరుగా దాని మీదే నిమ్మకాయలు కోయండి.

అద్దె ఇంట్లో రాయి ఉండదు, లామినేట్ గట్టు ఉంటుంది. అదీ మంచిదే. దాని మీద చాకు గాట్లు పడి నీళ్ళు లోపలికి దిగి ఉబ్బుతుంది. ఏజెంటు చూడ్డానికి వస్తాడని భయపడకండి. విక్టోరియాలో ఆర్నెల్లకి ఒకసారి మించి రాకూడదు, వచ్చేముందు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. గాట్ల మీద రైస్ కుక్కర్ పెట్టడానికి ఏడు రోజులు ధారాళంగా చాలు. గాట్లు ఎక్కువైతే ఇడ్లీ పాత్ర కూడా పెట్టండి. ఇల్లు ఖాళీ చేసే రోజున అద్దె బాండు లోంచి కొంత పోతుంది. ఏడాదంతా పలక కడగనందుకు ఆ మాత్రం ఖర్చు సబబే.

4. చాకుని కూరలకే పరిమితం చేయకండి.

కొరియర్ పెట్టెలు దాంతోనే చించండి, టేపు జిగురు వాదరకి అంటుకుంటే కూరకాయ ముందుకు కదలదు. కుర్చీ మర ఊడితే స్క్రూ డ్రైవర్ కోసం గ్యారేజీకి వెళ్ళకండి, మొన ఉంది కదా. వెజిమైట్ సీసా మూత రాకపోతే మొన దూర్చి పైకెత్తండి. ఇండియన్ షాపులో తెచ్చిన కొబ్బరి తురుము ఫ్రీజరులో రాయిలా అయితే మొనతోనే పొడవండి. అరగంట ముందు బయట పెట్టడం గుర్తుండే మనిషైతే ఈ వ్యాసం చదవరు.

మొన విరగడం ఖాయంగా జరగాలంటే గుమ్మడికాయే గతి. ఇక్కడ క్వీన్స్‌లాండ్ బ్లూ, జారాడేల్ అని బూడిద నీలం రంగు గుమ్మడికాయలు దొరుకుతాయి. క్వీన్స్‌లాండ్ బ్లూ తోలు చెక్కలా ఉంటుంది. పెద్ద కత్తి పక్కనే ఉన్నా పట్టించుకోకుండా చిన్న చాకుని నడినెత్తిన దించి అటూ ఇటూ తిప్పండి. మొన కాయలోనే ఉండిపోతుంది. ఇంక ఆ కాయ దప్పళానికి పనికిరాదు, మీరు పిజ్జా తెప్పించవచ్చు.

5. ఆవకాయ చిన్న చాకుతోనే పెట్టండి.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఏడాదిలో ఒక్కసారి వచ్చే అవకాశం, సరిగ్గా వాడుకుంటే జన్మంతా ఎవరూ మిమ్మల్ని పచ్చడి పెట్టమనరు.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పెట్టే ఆవకాయ ఇక్కడ కాలం తిరగబడి నవంబరు, డిసెంబరులో పడుతుంది. క్వీన్స్‌లాండ్ నుంచి పచ్చికాయలు దక్షిణాదికి దిగుతాయి. బోవెన్ మామిడి అని పిలిచే కెన్సింగ్టన్ ప్రైడ్ ఇక్కడి అసలు రకం, పండు తినడానికి పేరున్న కాయ. మన చిన్నరసం పులుపు, పీచు దానికి లేవు. కాబట్టి ఆవకాయకి దాన్నే ఎంచుకోండి. అందులోనూ కాస్త మెత్తబడినవి చూసి తీసుకోండి.

ఊళ్ళో అయితే కాయలు కొట్టడానికి బరువైన కత్తి చెక్కకి బిగించి ఉంటుంది. బజారులో కొట్టేవాడు ఒక్క దెబ్బకి టెంకతో సహా చీలుస్తాడు, ప్రతి ముక్కకీ టెంక అంటుకునే ఉంటుంది. ముక్క ఏడాది పొడుగునా మెత్తబడకుండా నిలిచేది ఆ టెంక పెంకు వల్లే. మీరు చిన్న చాకుని టెంక మీద ఆనించి, వీపు మీద అప్పడాల కర్రతో బాదండి. మూడో దెబ్బకి వాదరలో పళ్ళు లేస్తాయి, ఉక్కు పెచ్చులు ఊడి కాయలోకి దిగుతాయి. టెంక ఒకవైపు, కండ ఒకవైపు పోతాయి. సగం కాయలకి టెంక తీసేసి మాగాయ అని పేరు పెట్టినా అడిగేవాళ్ళు లేరు.

కడిగిన కాయలు తుడవకండి. పలక తడిగా ఉండనివ్వండి. చాకు మీద నీటిచుక్క ఉంటే ఇంకా మంచిది. ఆ తడితోనే ఆవపిండి, కారం, ఉప్పు కలిపి జాడీకెత్తితే సంక్రాంతికి పైన తెల్లగా బూజు కడుతుంది. అప్పుడు ఫోనులో అమ్మతో చెప్పడానికి మాట సిద్ధంగా పెట్టుకోండి: "ఇక్కడి కాయలు ఆవకాయకి పనికిరావమ్మా, నేలలో ఏదో తేడా ఉంది." నేల మీద నింద వేస్తే ఎదురు చెప్పలేరు. మర్నాటి నుంచి షాపు సీసా తెచ్చుకుని తినండి.

6. కడగకండి. తప్పకపోతే డిష్‌వాషర్‌లో పడేయండి.

స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టదని చాలామంది బెంగపడతారు. ఆ భయం అక్కర్లేదు. దాన్ని కాపాడేది పైన ఉండే క్రోమియం ఆక్సైడు పలచని పొర ఒక్కటే. ఉప్పు, పులుపు కలిసి గంటల తరబడి ఉంటే ఆ పొర చిల్లులు పడి కింద ఉక్కు తినేస్తుంది. చింతపండు పిసికిన గిన్నెలో, ఉప్పు వేసిన నిమ్మకాయ డబ్బాలో చాకుని రాత్రంతా ఉంచండి. పొద్దున సూదిపోటంత మచ్చలు కనపడతాయి, అక్కడి నుంచి పని దానంతట అదే సాగుతుంది. కార్బన్ ఉక్కు చాకైతే ఒక్క గంట తడి చాలు, ఎర్రగా పూస్తుంది.

డిష్‌వాషర్ ఇంకా పెద్ద దిక్కు. దాని పొడి ఘాటైన క్షారం, నీళ్ళు 60, 70 డిగ్రీల దాకా కాగుతాయి, నీటి ధార చాకుని గంటసేపు పళ్ళేలకేసి కొడుతుంది. చెక్కపిడి పగుళ్ళిచ్చి రివెట్లు వదులవుతాయి. మంచి చాకు ఎవరైనా బహుమతిగా ఇస్తే, వాళ్ళు కారు ఎక్కగానే దాంట్లో వేసి బటన్ నొక్కండి.

7. సొరుగులో విడిగా పడేయండి.

ఒర వద్దు, గోడకి అయస్కాంతం పట్టీ అస్సలు వద్దు. పప్పుగుత్తి, గరిటెలు, జంతికల గొట్టం బిళ్ళల మధ్య పడేసి సొరుగుని దభాలున మూయండి. వాదర ఎప్పుడూ పైకే ఉండాలి, చీకట్లో చెయ్యి పెట్టేవాళ్ళకి సులువుగా తగలడానికి.

8. సాన పట్టించకండి.

మొద్దుబారడంలో రెండు దశలున్నాయి. మొదట వాదర కొసన ఉక్కు పక్కకి వాలుతుంది. స్టీలు కడ్డీ మీద నాలుగుసార్లు దువ్వితే నిటారుగా వస్తుంది. తర్వాత అరుగుతుంది, అప్పుడు సానరాయి మీద పక్కకి 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టి, ముందు వెయ్యి నంబరు రాయి, ఆ తర్వాత నునుపు రాయి వాడాలి. పది నిమిషాల పని. ఇది తెలిసినవాళ్ళు ఎవరైనా ఇంటికి వస్తే చాకులు దాచేయండి. కాఫీ కప్పు బోర్లించి అడుగున గరుకు అంచు మీద కూడా పదును పెట్టే పెద్దవాళ్ళుంటారు, కప్పులు కూడా దాచండి.

సానరాయి మాత్రం కొనండి. ఖరీదైనదే కొని పెట్టె విప్పకుండా అందరికీ కనపడేలా పెట్టండి. ఎప్పుడు పడతావని అడిగితే జవాబులు ఇవి. సోమవారం మీటింగులు. మంగళవారం మంచిది కాదు. గురువారం బాబా పూజ. శనివారం ఇనుము ముట్టకూడదు. ఆదివారం దుకాణం సాయంత్రం అయిదింటికే కట్టేస్తారు. మిగిలిన రోజుల్లో ఏదో ఒకటి అమావాస్య అవుతుంది. మన ఆచారాలు ఎంత ముందుచూపుతో పెట్టారో పరాయిదేశంలోనే తెలుస్తుంది.

అలాగే చాకు చేతికి చేత్తో ఇస్తే పోట్లాటలొస్తాయని మన నమ్మకం. దీన్ని గట్టిగా పట్టుకోండి. "ఏమండీ, ఆ చాకు ఇలా ఇవ్వండి" అని పిలుపు వస్తే కదలక్కర్లేదు. "మనిద్దరికీ పడకుండా పోతుందే" అని ప్రేమగా జవాబు చెప్పండి.

9. వేలు తెగితే సద్వినియోగం చేసుకోండి.

మొద్దుచాకు కూరలోకి దిగక జారుతుంది, బలం పెట్టి నొక్కుతారు కాబట్టి వేటు లోతుగా పడుతుంది. పదును చాకు కన్నా మొద్దుచాకు ఎక్కువ గాయపరుస్తుందని వంటవాళ్ళు అనేది ఇందుకే. అవకాడో గింజ తీయడానికి కాయని అరచేతిలో పెట్టుకుని మొనతో పొడిస్తే ఫలితం ఇంకా వేగంగా వస్తుంది. చేతి వైద్యులు ఈ గాయాన్ని బాగా ఎరుగుదురు, నరం తెగితే కుట్లతో ఆగదు, ఆపరేషన్ కూడా పడుతుంది.

పూర్తికాలం ఉద్యోగికి ఇక్కడ ఏడాదికి 10 రోజుల అనారోగ్య సెలవు జీతంతో ఉంటుంది. ఒక్కరోజు సెలవుకైనా కంపెనీ డాక్టరు చీటీ అడగవచ్చు, మీ దగ్గర రుజువు వేలికే ఉంటుంది. క్యాజువల్ ఉద్యోగమైతే ఈ సెలవు లేదు, కాబట్టి పర్మినెంట్ అయ్యేదాకా బ్రెడ్డు తినండి. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి క్లినిక్‌కి వెళ్తే తొందరగా మానిపోయి పనిలో పడతారు. కాఫీపొడి అద్ది, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో ఆలోచించకుండా పడుకోండి. చీము పడితే సెలవు మొత్తం వాడుకోవచ్చు, ఆ తర్వాత గిన్నెలు తోమమని కూడా ఎవరూ అనరు.

10. విరిగిన చాకుని దుకాణంలోనే తిరిగిచ్చేయండి.

2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం వస్తువులో పెద్ద లోపం ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. మీరు చేజేతులా పాడుచేస్తే ఆ హక్కు వర్తించదు. అందుకే గుమ్మడికాయ సంగతి ఎత్తకండి. "వెన్న రాస్తుంటే విరిగింది" అని చెప్పండి. వాదర మీద ఆవపిండి, వీపు మీద అప్పడాల కర్ర గుర్తులు తుడవడం గుర్తుంచుకోండి. తుడవకపోతే కౌంటరు దగ్గర కాసేపు నిలబడాల్సి వస్తుంది, ఆ సమయంలో ఇంట్లో వంట ఎవరో ఒకరు చేసేస్తారు.

వెనక్కి తీసుకోకపోతే పసుపు మూత డబ్బాలో విడిగా విసిరేయండి. అట్టముక్కలో చుట్టి, టేపు వేసి, ఎర్ర మూత చెత్తడబ్బాలో వేస్తే సరిపోతుంది కానీ అట్ట వెతకాలి, టేపు వెతకాలి. రీసైక్లింగ్ కేంద్రంలో మనుషులు చేతులతో ఏరుతుంటారు, వాళ్ళకి ఎలాగూ చేతొడుగులు ఉంటాయని సరిపెట్టుకోండి.

11. అన్నీ చేసినా వంటపని తప్పకపోతే, ఇండియా నుంచి కత్తిపీట తెప్పించండి.

ఇది ఆఖరి అస్త్రం, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకే బాగా పనిచేస్తుంది. సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మమ్మ కాలం నాటి కత్తిపీట, పురుగు తొలిచిన చెక్కది, చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకోండి. కేబిన్ బ్యాగులో పెడితే శంషాబాదులోనే తీసేసుకుంటారు, అక్కడ దొరికితే లాభం లేదు. విమానంలో ఇచ్చే కార్డు మీద చెక్క వస్తువులున్నాయా అని అడుగుతారు. ఉన్నాయని రాస్తే అధికారి ఓసారి చూసి, బాగుంటే ఇచ్చేస్తాడు, మందు పెట్టాలంటే పెట్టిస్తాడు, మీరు తిన్నగా ఇంటికొచ్చి కూరలు తరగాల్సి వస్తుంది. కాబట్టి లేవని రాసి సంతకం పెట్టండి. ఎక్స్‌రేలో అంత ఇనుము, అంత చెక్క కనపడక పోదు. బయోసెక్యూరిటీ చట్టం కింద జరిమానా వేల డాలర్ల దాకా పోవచ్చు, వీసా అక్కడికక్కడే రద్దు చేసే అధికారం కూడా వాళ్ళకుంది. రద్దయితే వచ్చిన దారినే వెనక్కి పంపిస్తారు. ఇంటికి చేరేసరికి అమ్మ బెండకాయలు తరిగేసి, పులుసు పొయ్యి మీద పెట్టి ఉంటుంది. కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకోండి.